సీసాను ఆపే ముందు కొళాయిని నిలబెట్టాలి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల గ్రామసభలకు, పురపాలక సంఘాలకు బహిరంగ లేఖ

సీసా నీళ్ల అమ్మకాన్ని ఒక ఊరు తనకు తానుగా ఆపుకోవడం కొత్త సంగతి కాదు. ఆస్ట్రేలియాలోని బండనూన్ అనే చిన్న ఊరు 2009లో ఆ పని చేసింది. ఆ ఊరి భూగర్భ జలాన్ని తోడి సీసాలకెత్తి అమ్ముకుందామని ఒక కంపెనీ బయలుదేరడంతో జనానికి ఒళ్లు మండి, సభ పెట్టి, చేతులెత్తి తీర్మానించారు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రపు కాంకర్డ్ పట్టణం లీటరు, అంతకన్నా చిన్న సీసాల అమ్మకాన్ని 2013 జనవరి 1 నుంచి ఆపింది. సిక్కింలో లాచెన్ అనే కొండ ఊరు ముందు మొదలుపెట్టగా, 2022 జనవరి 1 నుంచి రాష్ట్ర ప్రభుత్వమే ఆ బాట పట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో తిరుమల కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల సీసాలు అమ్మరు. దేవస్థానం ‘జలప్రసాదం’ పేరిట శుద్ధి చేసిన నీటి కొళాయిలు పెట్టింది. సీసానే కావాలంటే గాజుది కొనుక్కోవాలి.

ఈ చోట్లన్నిటా సీసా పోయేనాటికి దాని బదులు తాగే నీరు సిద్ధంగా ఉంది. కాంకర్డ్‌లో జనం నమ్మే కొళాయి ఉంది, సిక్కింలో కొండ ఊటలున్నాయి, తిరుమలలో శుద్ధి యంత్రాలున్నాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇలాంటి తీర్మానం గ్రామసభ ముందుకు వచ్చినప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న ప్లాస్టిక్ గురించి కాదు. ఊరి చివరి వీధి కొళాయి నీటిని సర్పంచి, కార్యదర్శి, బడి పంతులు మారుమాట లేకుండా గ్లాసుకు పట్టుకుని తాగుతారా లేదా అన్నదే.

నిషేధం దేని మీద అన్నదీ ముందే తేలాలి. ‘కొనే నీళ్లు’ అన్నమాటలో మూడు రకాలున్నాయి. కంపెనీ మూత వేసి అమ్మే సీసా ఒకటి. పావు లీటరుకు అటూ ఇటూ పట్టే ప్యాకెట్టు రెండోది. ఊళ్లోనో పక్క ఊళ్లోనో బోరు నీటిని ఆర్వో యంత్రంలో వడకట్టి, ఇరవై లీటర్ల టిన్నులో పోసి ఇంటికి తెచ్చే నీరు మూడోది. మొదటి రెండూ పెళ్లిళ్లలో, జాతరల్లో, బస్టాండుల్లో కనిపిస్తాయి. మూడోది వంటింట్లో ఉంటుంది. ఒకే తీర్మానం మూడింటికీ సరిపోదు. పెళ్లి పందిట్లో ఆకు పక్కన పెట్టిన చిన్న సీసాను ఆపితే ఎవరికీ నష్టం లేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక ఇంటి గుమ్మంలో దిగే టిన్నును ఆపితే, ఆ ఇంటి ఇల్లాలు ఏ నీళ్లతో వండాలో చెప్పే బాధ్యత కూడా ఆపినవారి మీదే పడుతుంది.

ఉద్దానం సంగతి కొంత వివరంగా చూడక తప్పదు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి తోటల నడుమ దశాబ్దాలుగా మూత్రపిండాల జబ్బు ఇళ్లను తింటోంది. మధుమేహమో రక్తపోటో ఉన్నవారికి ఈ జబ్బు రావడం ఎక్కడైనా ఉన్నదే. ఇక్కడ ఆ రెండూ లేని రైతులకు, కూలీలకు కూడా వస్తోంది. శ్రీలంకలోని ఉత్తర మధ్య ప్రాంతంలో, మధ్య అమెరికాలో చెరకు తోటల కూలీల్లో ఇలాంటి జబ్బే ఉంది. నీటిలోని సిలికా మొదలుకుని పురుగుమందులు, ఎండలో నీరు తాగకుండా చేసే చాకిరీ దాకా ఎన్నో కారణాలను పరిశోధకులు చూశారు. ఇదీ కారణమని అందరూ ఒప్పుకున్నది ఇంకా ఒక్కటీ లేదు. నీరే కారణమని గాని, నీటికి సంబంధమే లేదని గాని గట్టిగా చెప్పే మాటలు రెండూ తొందరపాటే.

కారణం తేలకపోయినా భయం తేలింది. బోరు నీటి మీద నమ్మకం పోయిన ఊళ్లలో జనం టిన్నుల వైపు తిరిగారు. 2014 అక్టోబరు 2న రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఎన్టీఆర్ సుజల పథకం కింద ఇరవై లీటర్లు రెండు రూపాయలకు ఇచ్చే శుద్ధి కేంద్రాలు ఉద్దానంలోనూ వెలిశాయి. లీటరు పది పైసలన్నమాట. అదే లీటరు కంపెనీ సీసాలో అప్పట్లో సుమారు ఇరవై రూపాయలు, అంటే దాదాపు రెండు వందల రెట్లు. ఆ తర్వాత, తీరప్రాంతపు బోర్లను వదిలేసి, వంశధార మీది హిరమండలం జలాశయం నుంచి గొట్టాల ద్వారా నీరు తెచ్చే పథకాన్ని సుమారు 700 కోట్ల రూపాయలతో చేపట్టారు. దగ్గరగా పారే బాహుదా, మహేంద్రతనయ వేసవిలో ఎండిపోయే నదులు కాబట్టి దూరమైనా హిరమండలాన్నే ఎంచుకున్నారు. ఏడు మండలాల్లో ఎనిమిది వందలకు పైగా ఊళ్లకు ఉద్దేశించిన ఆ పథకాన్ని, పలాసలో రెండు వందల పడకల కిడ్నీ ఆసుపత్రితో పాటు, 2023 డిసెంబరు 14న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి ప్రారంభించారు.

ఇది సరైన దారి. జబ్బుకు కారణం ఏదైనా, నదీజలం శుద్ధి అయి ఇంటింటికీ రావడం వల్ల చెడేది లేదు. అయితే ప్రారంభోత్సవపు శిలాఫలకానికీ వీధి కొళాయికీ మధ్య చాలా గొట్టం ఉంటుంది. ఏ ఊళ్లో ఎన్ని రోజులకొకసారి నీరు వస్తుంది, ఎంతసేపు వస్తుంది అన్నది ఆ ఊరి ఆడవాళ్లకు తెలిసినట్టు ఏ నివేదికకూ తెలియదు. ఉద్దానం గ్రామసభల్లో టిన్నుల నిషేధం మాట ఎత్తేముందు ఆ లెక్క సభలో చదవాలి.

విజయనగరం జిల్లాకు వస్తే కథ రెండో వైపు నుంచి నడుస్తుంది. 2024 అక్టోబరులో గుర్ల మండల కేంద్రంలో అతిసారం ప్రబలింది. మనుషులు చనిపోయారు. ఎంతమంది చనిపోయారు, అందులో అతిసారం వల్ల ఎందరు అన్నదాని మీద అధికారులకూ ప్రతిపక్షానికీ మధ్య పెద్ద వాదమే జరిగింది. ఉప ముఖ్యమంత్రి పవన్ కళ్యాణ్ ఆ నెల 21న ఊరికి వచ్చారు. విచారణకు ప్రభుత్వం సీనియర్ ఐఏఎస్ అధికారి విజయానంద్‌ను నియమించింది. వేలెత్తి చూపింది తాగునీటి వైపే: చంపావతి నీరు, ట్యాంకు శుభ్రత, మురుగు కాలువల పక్కన పోయే గొట్టాలు. కొళాయి నీరు సీసా నీటికన్నా మంచిదని చెప్పబోయే ప్రతివారూ గుర్లను దాటి వెళ్లకూడదు. అక్కడ సీసా కొనగలిగినవారు బతుకు మీద భయంతో కొన్నారు. కొనలేనివారు వచ్చిన నీరే తాగారు. నిషేధం అంటూ ఉంటే ఆ రెండో వర్గానికి ఒరిగేది ఏమీ లేదు, మంచి కొళాయి ఉంటే తప్ప.

గొట్టంలోకి మురుగు ఎలా చేరుతుందన్నది గ్రామసభలో అందరికీ తెలియవలసిన విషయం. గొట్టంలో నీరు ఒత్తిడితో ఉన్నంతసేపు, ఎక్కడైనా చిన్న చిల్లు ఉంటే నీరు బయటికి చిమ్ముతుంది. బయటి మురుగు లోపలికి రాలేదు. నీరు వదలడం ఆపగానే గొట్టం ఖాళీ అవుతూ లోపల వెలితి ఏర్పడుతుంది. అప్పుడు అదే చిల్లు చుట్టూ నిలిచిన కాలువ నీటిని లోపలికి పీల్చుకుంటుంది. మర్నాడు పొద్దున్న నీరు వదిలినప్పుడు మొదటి బిందెలోకి వచ్చేది ఆ మురుగే. రోజుకు గంటో రెండు గంటలో నీరిచ్చే ప్రతి ఊరికీ ఈ ప్రమాదం ఉంది. కొందరు కొళాయికి నేరుగా మోటారు బిగించి లాగుతారు. దానివల్ల ఆ ఇంటి ట్యాంకు తొందరగా నిండుతుంది గాని, వీధి గొట్టంలో ఒత్తిడి పడిపోయి చిల్లుల గుండా పీల్చుడు ఇంకా పెరుగుతుంది. ఆ మోటార్లను తీయించడం సీసాలను ఆపడం కన్నా కష్టం. ఓట్లతో ముడిపడిన విషయం మరి.

ఇక కొనే నీరు మంచిదేనా అంటే, దానికి ఒకే జవాబు లేదు. మూత వేసిన సీసాకు భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 14543 అనే ప్రమాణం పెట్టింది. 2024లో ఆ ప్రమాణపు ముద్ర తప్పనిసరి అన్న నిబంధన తొలగించి, ఆహార భద్రతా సంస్థ సీసా నీటిని ఎక్కువ ప్రమాదం ఉన్న ఆహారాల జాబితాలో చేర్చి ఏటేటా తనిఖీలుండాలంది. ఇరవై లీటర్ల టిన్ను సంగతి వేరు. ఊరి ప్లాంటులో పోసి, మూత చేత్తో నొక్కి, బండి మీద తెచ్చే టిన్నులో చాలా వాటికి ఏ ముద్రా ఉండదు. ఆర్వో పొరను ఎప్పుడు మార్చారో, టిన్నును దేనితో కడిగారో అడిగేవారూ ఉండరు. ఎండలో నిలబెట్టిన పాత టిన్ను అడుగున వేలు పెట్టి రాస్తే జారుడుగా తగిలే నాచు చాలామంది ఇళ్లలో చూసినదే. పైగా ఆర్వో యంత్రం క్లోరిన్‌ను కూడా తీసేస్తుంది. అంటే ప్లాంటులో శుద్ధమైన నీరు మురికి టిన్నులో పడితే దాన్ని కాపాడేది ఏదీ మిగలదు. కొళాయి నీటిలో తగినంత క్లోరిన్ ఉంటే కనీసం బిందె దాకా కాపలా ఉంటుంది.

ఆర్వోకు ఇంకో ఖర్చు ఉంది. లోపలికి పోయిన నీటిలో యంత్రాన్ని బట్టి సగం దాకా, పాతవాటిలో అంతకన్నా ఎక్కువే, లవణాలు నిండిన వృథా నీరుగా కాలువలో కలుస్తుంది. ఉప్పు తగలని మంచి నీటికి ఆర్వో అవసరమే లేదు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే చాలు. ఆ లోపు ఉన్న చోట ఆర్వోలను ఆపాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో చెప్పింది కూడా. నాగావళి, వంశధార, చంపావతి నీరు తాగే ఊళ్లు టిన్ను కొనేముందు ఒకసారి ఆ అంకె చూసుకోవాలి.

ప్లాస్టిక్ వాదానికి బలం ఉంది గాని, చాలామంది అనుకునే చోట కాదు. ఖాళీ సీసాకు పాత సామాన్ల వాడి దగ్గర ఎంతో కొంత ధర పలుకుతుంది. అందుకే జాతర మర్నాడు సీసాలను ఏరుకునేవారుంటారు. నీళ్ల ప్యాకెట్టును ఎవరూ ఏరరు. విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం అయిన రాత్రి, అరసవల్లి రథసప్తమి నాటి సాయంత్రం రోడ్డు మీద చెప్పుల కింద చప్పుడు చేసేవి మూల కొరికి పారేసిన ఆ ప్యాకెట్లే. కాలువల్లో అడ్డంపడి వాననీటిని ఆపేవీ అవే. కేంద్రం 2022 జూలై 1 నుంచి స్ట్రాలు, ప్లాస్టిక్ గ్లాసులు, చెంచాల వంటి ఒక్కసారి వాడి పారేసే వస్తువులను నిషేధించింది గాని, నీళ్ల సీసా ఆ జాబితాలో లేదు. సీసా నీటిలోకి ప్లాస్టిక్ రేణువులు చేరతాయన్నది నిజమే. 2018లో తొమ్మిది దేశాల్లో కొన్న 259 సీసాలను పరీక్షిస్తే నూటికి 93 సీసాల్లో అవి కనిపించాయి. ఆ దేశాల్లో భారతదేశం ఒకటి. వాటివల్ల ఒంటికి ఏమవుతుందో ఇంకా తేలవలసి ఉంది కాబట్టి, దాన్ని చూపి జనాన్ని బెదిరించడం సరికాదు.

నిషేధం తిరగబడిన సందర్భం కూడా ఒకటుంది. అమెరికాలోని వెర్మాంట్ విశ్వవిద్యాలయం 2013లో తన ఆవరణలో సీసా నీటిని ఆపింది. తర్వాత లెక్క చూస్తే ఆవరణలోకి వచ్చే సీసాల సంఖ్య తగ్గకపోగా పెరిగింది. సీసా నీళ్లు దొరకని విద్యార్థులు అదే ప్లాస్టిక్ సీసాలో తియ్యని కూల్‌డ్రింకులు కొన్నారు. శ్రీకాకుళం బస్టాండులో నీళ్ల సీసా తీసేసి, పక్కనే కూల్‌డ్రింకు సీసాను ఉంచితే జరిగేదీ అంతే. ఎండలో దిగిన ప్రయాణికుడు పంచాయతీ తీర్మానం చదివి దప్పిక ఆపుకోడు.

దారి చూపే ఉదాహరణ పక్కనే, ఒడిశాలో ఉంది. పూరీ పట్టణంలో 2021 జూలై 26న ఇరవై నాలుగు గంటలూ కొళాయి నుంచి నేరుగా తాగే నీటి సరఫరా మొదలైంది. అక్కడి జనాభా రెండున్నర లక్షలు, ఏటా వచ్చే యాత్రికులు రెండు కోట్లు. యాత్రికుల కోసం వీధుల్లో నాలుగు వందల నీటి ఫౌంటెన్లు పెట్టారు. ఏడాదికి మూడు కోట్ల సీసాలు మిగులుతాయని ప్రభుత్వం లెక్క వేసింది. ఆ లెక్క ఎంతవరకు నిజమైందన్నది పక్కన పెట్టినా, పని జరిగిన వరస గమనించదగ్గది. ముందు గొట్టంలో ఒత్తిడి పడిపోకుండా చూశారు. ఒత్తిడి నిలవగానే చిల్లుల గుండా మురుగు రావడం ఆగింది. ‘జలసాథి’ పేరుతో స్వయం సహాయక సంఘాల ఆడవాళ్లు ఇంటింటికీ వెళ్లి, ఆ ఇంటివాళ్ల ముందే నీరు పరీక్షించి, మీటరు చూసి బిల్లు ఇచ్చారు. సీసాల మాట ఆ తర్వాతది. ఒడిశాలోని బరంపురం దాకా బంధుత్వాలున్న ఇచ్ఛాపురం, సోంపేట వాసులకు పూరీ వెళ్లి చూసి రావడం పెద్ద పని కాదు.

ఆ పరీక్షలో రెండు భాగాలు ఏ ఊళ్లోనైనా చేయగలిగినవే. జల్ జీవన్ మిషన్ కింద ఊళ్లలో ఆడవాళ్లకు కిట్లిచ్చి నేర్పించినదీ ఇదే. కిట్టులోని చిన్న గాజు గొట్టంలో గీత దాకా కొళాయి నీరు పట్టి, అందులో మందు చుక్కలు వేస్తారు. ఆర్థోటాలిడిన్ అయితే, నీటిలో క్లోరిన్ ఉంటే లేత పసుపు తేలుతుంది. రంగుల పట్టీ పక్కన పెట్టి చూస్తే ఎంత ఉందో తెలుస్తుంది. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. నీరు నీరులాగే రంగు లేకుండా ఉండిపోతే క్లోరిన్ లేదన్నమాట. పరీక్ష ట్యాంకు దగ్గర చేసి లాభం లేదు, అక్కడ పసుపు వచ్చినా చివరి కొళాయి సంగతి తెలియదు. గొట్టం చివరి కొళాయి దగ్గర చేయాలి. రెండోది సూక్ష్మజీవుల పరీక్ష: మందు ఉన్న చిన్న సీసాలో నీరు నింపి మూత పెట్టి, ఒకటి రెండు రోజులు గదిలో ఉంచుతారు. నీరు నల్లబడితే అందులో మలం తాలూకు సూక్ష్మజీవులు ఉండే అవకాశం ఎక్కువ.

మందు కలపడమూ పెద్ద విద్య కాదు. మంచి బ్లీచింగ్ పౌడరు వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాములు చాలు. నలభై వేల లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకుకు వంద గ్రాములు. బకెట్టులో కలిపి, సున్నపు మడ్డి అడుగున దిగాక పైతేట ట్యాంకులో పోసి, గంట ఆగి నీరు వదలాలి. సంచి మూతి తెరిచి పంచాయతీ ఆఫీసు మూలన పడేసిన పౌడరులో నెల తిరిగేసరికి బలం పోతుంది. చాలా ఊళ్లలో మందు కలిపినా పని చేయకపోవడానికి ఇదొక కారణం. ఇక ఫ్లోరైడ్, నైట్రేట్, ఇతర రసాయనాలకు ఏడాదికొకసారి, సూక్ష్మజీవులకు వానాకాలానికి ముందూ తర్వాతా ప్రయోగశాల పరీక్ష చేయించాలి. ఆ ఫలితం ఫైల్లో ఉండకూడదు. తేదీ, కొళాయి ఉన్న వీధి, అంకె, పరీక్షించినవారి పేరు పంచాయతీ గోడ మీద నల్లబల్ల పెట్టి రాయాలి. నీరు చెడిన వారం కూడా అదే బల్ల మీద ‘కాచి తాగండి’ అని రాయగల పంచాయతీనే మిగతా వారాల్లో జనం నమ్ముతారు.

గ్రామసభ ముందుకు రావలసిన తీర్మానానికి ఈ వరస సరిపోతుంది. చివరి కొళాయిలో ఒక వేసవి, ఒక వానాకాలం వరసగా క్లోరిన్ కనిపించేదాకా అమ్మకం మీద నిషేధం వద్దు. ఆ లోపు పంచాయతీ, మండల పరిషత్తు, మున్సిపాలిటీ తమ సమావేశాల్లో, తమ డబ్బుతో సీసాలు కొనడం ఆపవచ్చు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కలెక్టరేట్ సమీక్షల్లో ప్రతి కుర్చీ ముందూ సీసా పెట్టి, కొళాయి నీరు భేషుగ్గా ఉందని చెప్పడం ఎవరికీ ఎక్కదు. తర్వాత జాతరలు. పైడితల్లి, రథసప్తమి, శ్రీముఖలింగం శివరాత్రి వంటి చోట్ల ప్యాకెట్లను ముందు ఆపి, చలివేంద్రాలు పెంచాలి. చలివేంద్రం ఈ జిల్లాలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. కావలసిందల్లా కుండలో పోసే నీటికి క్లోరిన్ పరీక్ష, ముంచడానికి పొడవాటి పిడి ఉన్న గరిటె, కడిగిన స్టీలు గ్లాసులు. చివరికి, కొళాయి నిలబడిన ఊళ్లలో లీటరు లోపు సీసాలకు నిషేధం ఆలోచించవచ్చు. అప్పుడు కూల్‌డ్రింకు చిన్న సీసాను వదిలి నీటి సీసానే పట్టుకోవడం న్యాయం కాదు.

టిన్నుల జోలికి ఇప్పట్లో పోకూడదు. ప్లాంటు నడిపేవారు అప్పు చేసి యంత్రం పెట్టుకున్నవారు. వారిని మూయించడం కన్నా వారి టిన్నుల నీటిని కూడా అదే కిట్టుతో పరీక్షించి, ఫలితాన్ని అదే నల్లబల్ల మీద రాయడం మేలు. ఉద్దానంలో జబ్బుపడినవారి ఇళ్లకైతే, డాక్టరు చెప్పేదాకా ఏ నీటినీ ఎవరూ మాన్పించరాదు.

తుపాను రోజులకు మినహాయింపు తీర్మానంలోనే రాసి ఉంచాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఉద్దానం తీరం మీద విరుచుకుపడ్డాక కరెంటు స్తంభాలు నేలకొరిగి, మోటార్లు ఆగి, ట్యాంకులు ఖాళీ అయ్యాయి. అలాంటప్పుడు లారీలో వచ్చే సీసాలూ ప్యాకెట్లే దిక్కు. అయితే సీసా నీళ్లు వచ్చేదాకా ఆగకుండా, ట్యాంకు నింపే మోటారుకు జనరేటరు ముందే ఒప్పందం చేసుకుని పెట్టుకోవడం తీరం ఊళ్లకు తప్పనిసరి.

డబ్బు ఎక్కడిదన్న ప్రశ్నకు జవాబుంది. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి పంచాయతీలకిచ్చిన గ్రాంట్లలో అరవై శాతాన్ని తాగునీటికీ పారిశుద్ధ్యానికీ చెరిసగంగా కేటాయించి కట్టిపెట్టింది. పరీక్ష కిట్లు, బ్లీచింగ్ పౌడరు, చిల్లులు పడిన గొట్టాల మార్పు, కాలువలో నుంచి పోయే గొట్టాన్ని పక్కకు తప్పించడం ఇలాంటి గ్రాంట్ల కిందికి వచ్చే పనులే. వచ్చే గ్రామసభలో పోయిన ఏడాది ఆ పద్దు కింద ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అన్నది కార్యదర్శి చదివి వినిపించాక నిషేధం మీద చర్చ మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
రెండు జిల్లాల నీటి వినియోగదారుల్లో ఒకరు